ఆకుపచ్చ గౌనుకు మిగిల్చిన చోటు

మ్యూజియంవాళ్ళు దానికి ఏదో పేరు పెట్టారు. ఆ పేరు నా నోటితో పలకను. అది సైమీ వంటింటి జంపఖానా. పొయ్యి దగ్గర మొదలై కిటికీ కింద దాకా పరుచుకుని ఉండేది. దాని మీద నేను కాఫీ ఒలకబోశాను. సైమీ మొగుడు వైక్కో బురద బూట్లతో నడిచాడు. పై అంతస్తువాళ్ళ కుక్క ఒకసారి దాని మీదే ఈనింది కూడా. ఇప్పుడు దాని చుట్టూ తాడు కట్టి, దూరంగా నిలబడి చూడమంటున్నారు.

సైమీ ఐకాస్ మా మెట్ల మీద నా ఎదుటి తలుపు మనిషి. కోట్కా రేవులో ఓడలకి కాగితపు చుట్టలు ఎక్కించే కూలీల క్యాంటీన్లో వంట చేసి రిటైరైంది. నేను సిటీ బస్సు నడిపి రిటైరయ్యాను. నాకు నోరెక్కువ, ఆవిడకి అసలు లేదు. బహుశా అందుకే అన్నేళ్ళు పొసిగింది. నేను తిట్టాల్సినవాళ్ళందర్నీ ఆవిడ వంటింట్లో కూర్చుని తిట్టేదాన్ని, ఆవిడ ఏలకుల బన్ను ముందు పెట్టి వినేది.

మా ఊళ్ళో మొహమ్మీద కాదనడం మొరటుతనం. ఎవరైనా ఇవ్వలేనిది అడిగితే కాఫీ పోసి వాన సంగతి ఎత్తుతాం. అడిగినవాళ్ళకి అర్థమైపోతుంది. కప్పు ఖాళీ చేసి, తామూ వాన గురించి నాలుగు మాటలు కలిపి, లేచి వెళ్ళిపోతారు. ఇద్దరి పరువూ నిలబడుతుంది. బస్సులో తాగుబోతుల్ని దింపీ దింపీ నాకు ఆ మర్యాద ఊడిపోయింది గానీ, సైమీకి మాత్రం అదొక్కటే తెలుసు. 'కుదరదు' అన్న మాట ఆవిడ నోట నేను ఒక్కసారి కూడా వినలేదు.

ఇక ఆ జంపఖానా సంగతి. మా వైపు పాతబట్టలు పారేయరు. పీలికలుగా చించి, ఉండలు చుట్టి, మగ్గం మీద పేకగా వేసి నేస్తారు. ప్రతి ఇంట్లోనూ అలాంటివి ఉంటాయి, ఎవరూ గొప్పగా చెప్పుకోరు. సైమీ కూడా మా బిల్డింగు కింద గదిలో ఉన్న ఉమ్మడి మగ్గం మీద ఊళ్ళో సగం మందికి నేసి పెట్టింది. కానీ ఈ ఒక్కదాంట్లో పోయినవాళ్ళ బట్టలు తప్ప ఇంకేమీ పడలేదు.

మొదటి పట్టీ బూడిదరంగు. వాళ్ళమ్మ లంగా. యుద్ధంలో సరిహద్దు జరిగి వాళ్ళ సొంతూరున్న కరేలియా పరాయి దేశానిదైపోయినప్పుడు, చంటిదాన్నొక చేత్తో ఆవునొక చేత్తో పట్టుకుని ఆవిడ ఆ లంగాతోనే నడిచొచ్చింది. ఆ చంటిది సైమీ. తర్వాత ఎరుపు, అక్క కెర్తూ కోటు. తర్వాత పసుపు.

పసుపు పట్టీ నాలుగు వేళ్ళ మేర కూడా ఉండదు. సైమీ కూతురు మారిత్ గౌను అది. పిల్లకి రక్తంలో ఏదో జబ్బు చేసింది. బడికి వెళ్ళడం మొదలెట్టిన ఏడాదే పోయింది.

"చిన్న గౌను కదే. ఎంతని వస్తుంది?" అంది సైమీ నాతో. ఆ పిల్ల గురించి ఆవిడ నాతో అన్నది అదే.

అది విన్న రోజున, లేచి కప్పు కడగబోతూ నేను ఆ పసుపు మీద అడుగు పడకుండా దాటబోయాను.

"దాటకు, తొక్కు," అంది.

"ఎలా తొక్కమంటావే?"

"కాళ్ళతో తొక్కు. అందుకే నేశాను. రోజూ కాళ్ళ కింద తగుల్తుంటే అందరూ ఇంట్లోనే ఉన్నట్టుంటుంది. పెట్టెలో పెట్టి దాచుకుంటే చచ్చిపోయినట్టుంటుంది."

తొక్కాను. ఆ తర్వాత అన్నేళ్ళూ తొక్కుతూనే ఉన్నాను.

అన్నిటికన్నా వెడల్పు పట్టీ నీలం. రేవులో పనిచేసే వైక్కో ఓవరాల్స్‌ది. భారీ మనిషి. "మంచంలోనూ అంతే చోటు పట్టేవాడు," అని సైమీ నవ్వేది. నీలం తర్వాత నేత లేదు. పడుగు దారాలు పొడుగ్గా వదిలి ముడులేసి ఉంచింది. ఒకరు పోయినప్పుడల్లా ఆ ముడులు విప్పి, కొత్త దారాలు కలిపి, మళ్ళీ మగ్గానికి ఎక్కించేది. ఇక మిగిలింది తన చోటే. అల్మారాలో ఆకుపచ్చ గౌను ఒకటి హ్యాంగరుకి వేలాడుతుండేది. క్యాంటీన్లో వీడ్కోలు కాఫీ ఇచ్చిన రోజున తొడుక్కున్నది.

"నేను పోయాక దాన్ని నువ్వే నెయ్యాలే ఎల్వీ. వైక్కో పక్కనే. తర్వాత మీ ఇంట్లో పరుచుకో. గోడకి మాత్రం తగిలించకు."

"నేనే ముందు పోతేనో?"

"నువ్వా? చావుక్కూడా నీ నోరంటే భయం."

సరేనన్నాను. ఆవిడ నన్ను జన్మలో అడిగింది ఆ ఒక్కటే.

జూన్‌లో ఎండ నిలబడగానే మేం జంపఖానాలు మోసుకుని సముద్రపు ఒడ్డున ఉతికే చోటికి వెళ్తాం. పొడుగాటి బల్లలుంటాయి, నీళ్ళు పిండే పెద్ద రోలర్లుంటాయి, ఆరేయడానికి కొయ్య దండేలుంటాయి. పైన్ సబ్బు వాసన, ఆడవాళ్ళ కబుర్లు, ఫ్లాస్కుల్లో కాఫీ. ఉతికినవి ఒక్క పూటలో ఆరవు. దండేల మీద వదిలేసి ఇంటికి పోతాం, మర్నాడో ఆ మర్నాడో వచ్చి తెచ్చుకుంటాం. కాపలా ఎవరూ ఉండరు. ఎవరిది ఎవరు ముట్టుకుంటారు?

ఆ ఏడు అక్కడికి తెర్హి కుఒసా వచ్చింది. ఈ ఊరి పిల్లే. వాళ్ళ నాన్న రేవులో క్రేను నడిపేవాడు, ప్రతి గురువారం సైమీ చేతి బఠాణీ సూపు రెండు గిన్నెలు తాగేవాడు. పిల్ల బొమ్మల చదువు చదివి, ఎక్కడెక్కడో దేశాలు తిరిగి, పేరు తెచ్చుకుని వచ్చింది. ఇళ్ళల్లోని పాత సామాన్లు పోగేసి వాటితో కళ చేస్తుందని పేపర్లో వేశారు. కాఫీ కెటిల్స్, వెన్న చిలికే తొట్లు, విరిగిన కుర్చీలు, ఏవైనా సరే. ఊరంతా మురిసిపోయింది.

సైమీ జంపఖానా బల్ల మీద తడిసి మెరుస్తోంది. తెర్హి దాని ముందు ఆగిపోయింది.

"ఇది మీరు నేసిందేనా పెద్దమ్మా?"

సైమీ తలూపింది.

"అబ్బ, ఆ పసుపు చూడండి! ఎంత సన్నగా... ఊపిరి బిగబట్టినట్టుంది."

సైమీ బ్రష్షు ఆపలేదు.

"దీన్ని నా ఎగ్జిబిషన్‌కి ఇస్తారా? ఇది నేల మీద పడుండాల్సింది కాదు పెద్దమ్మా. దీన్ని లేపి నిలబెడతాను. జనం చూడాలి దీన్ని."

సైమీ బ్రష్షు పక్కన పెట్టింది. చేతులు తుడుచుకుంది. ఫ్లాస్కు తీసి మూతలో కాఫీ పోసి ఇచ్చింది. తెర్హి తాగింది.

"మరి తీసుకోనా?"

సైమీ సముద్రం వైపు చూసింది. "సాయంత్రానికి వాన పడేట్టుందమ్మా," అంది.

"ఎంత మంచివారండీ మీరు!" అని తెర్హి ఆవిడ తడి చేతులు రెండూ పట్టుకుని ఊపి, నవ్వుకుంటూ వెళ్ళిపోయింది.

నేను పక్క బల్ల దగ్గరే ఉన్నాను. నాకు ఏ అనుమానమూ రాలేదు. సైమీ కాదన్నదని నాకూ తెలుసు, సైమీకీ తెలుసు, అవతలి బల్ల దగ్గరున్న ఇద్దరు ముసలమ్మలకీ తెలుసు. అంత గట్టిగా ఆవిడ ఎవరినీ కాదనలేదు.

ఆరాక తెచ్చుకుందామని వెళ్తే మిగతావన్నీ దండేల మీద ఉన్నాయి. అదొక్కటే లేదు. గాలికి పడిందేమోనని రాళ్ళ మధ్య వెతికాం, నీళ్ళలోకి తొంగి చూశాం. ఇంటికొస్తే సైమీ తలుపు పిడికి ఒక సంచీ వేలాడుతోంది. అందులో కాఫీ పొట్లం, మంచి రకం, ఎర్ర రిబ్బను కట్టి. మేలు చేసినవాళ్ళకి మా దగ్గర అలాగే ఇస్తారు.

సైమీ ఆ పొట్లం పట్టుకుని మెట్ల మీద నిలబడిపోయింది.

"తీసుకెళ్ళిందే," అంది.

నా ఒళ్ళు మండిపోయింది. "పద. ఇప్పుడే వెళ్ళి తెచ్చుకుందాం."

"ఎలా అడగను? ఆ పిల్ల అడిగే తీసుకెళ్ళింది."

"నువ్వు కాదన్నావుగా!"

"అన్నాను. దానికి వినపడలేదు. రెండోసారి ఎలా అంటాం?"

"నోటితో అంటాం! నీకు నోరు లేకపోతే నాది తీసుకెళ్ళు, ఎలాగూ ఊరికే ఉంది."

"వద్దే తల్లీ. నువ్వెళ్ళి గొడవ పెట్టుకున్నావంటే ఈ ఊళ్ళో తలెత్తుకోలేను. చూపించుకోనీ. చూపించాక దానికెందుకు? తెచ్చిచ్చేస్తుంది."

పొట్లాన్ని అల్మారా పై అరలో పెట్టింది. నేను వెళ్ళనని ఒట్టు వేయించుకుంది. ఆ వేసవంతా వంటిల్లు బోసిగా ఉంది. ఇంకో జంపఖానా పరచవే అంటే, "అది వచ్చేస్తుందిగా," అనేది. కాళ్ళు చల్లబడుతున్నాయని రెండేసి జతల మేజోళ్ళు తొడుక్కుని తిరిగేది.

ఆకులు రాలే కాలంలో ఎగ్జిబిషన్ పెట్టారు. ఇద్దరం మంచి బట్టలు కట్టుకుని వెళ్ళాం. సైమీ మడతపెట్టిన పెద్ద సంచీ ఒకటి చేతిలో పట్టుకుంది. జంపఖానా తెచ్చుకోవడానికట.

నిజం చెప్పాలి. అక్కడున్నవన్నీ చెత్తేమీ కాదు. కాఫీ కెటిల్స్‌ని రోడ్డు రోలరు కింద పెట్టి చదును చేసి, మూతులన్నీ ఒకవైపుకి వచ్చేలా గోడకి కొట్టింది. చూడగానే రేవులో చేపల కోసం కొట్టుకునే పక్షులు గుర్తొచ్చి నేను పైకే నవ్వాను. కోసిన తొట్టి లోపల అద్దం పెట్టింది, అదీ బాగానే ఉంది. ఆ పిల్ల చేతిలో పనితనం లేదని నేననను. లేకపోతేనే బాగుండేది.

చివరి గదిలో సైమీ జంపఖానా నిలబడి ఉంది.

పడవలకి పట్టించే జిగురులో ముంచి, వంపులు తిప్పి, ఎండబెట్టింది. మనిషి ఎత్తుకి పైగా లేచి, కెరటం విరగబోతున్నట్టు ముందుకి వంగి ఉంది. రంగులు తడిగా మెరుస్తున్నాయి గానీ తడి లేదు. పై అంచున సైమీ వేసిన ముడులన్నీ విప్పేసి, పడుగు దారాల్ని ముళ్ళలా నిటారుగా దువ్వి, వాటికీ జిగురు పట్టించింది. ఆకుపచ్చ గౌను చోటు అది.

కింద చిన్న కార్డు. తెర్హి పేరు, నేను పలకనన్న ఆ పేరు, దాని కింద 'పాత గుడ్డలు, పడవ జిగురు'.

సైమీ కళ్ళజోడు పెట్టుకుని చదివింది. "పాత గుడ్డలే కదా," అంది నెమ్మదిగా. తర్వాత తాడు మీంచి చెయ్యి చాచి, పసుపు పట్టీ మీద వేలి కణుపుతో కొట్టింది. తలుపు కొట్టినట్టు టక్‌మంది. ఆవిడ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ముట్టుకోకూడదండీ," అన్నాడు కాపలా అతను, మర్యాదగానే.

"క్షమించు నాయనా," అని చెయ్యి వెనక్కి తీసుకుంది.

అప్పుడే తెర్హి మమ్మల్ని చూసి పరుగున వచ్చి సైమీని వాటేసుకుంది. కళ్ళలో నీళ్ళు కూడా ఉన్నాయి, దొంగ నీళ్ళు కావు. "పెద్దమ్మా! చూశారా ఎలా లేచి నిలబడిందో!" జనం వైపు తిరిగి, "దీన్ని నాకిచ్చింది ఈవిడే," అంది. అందరూ చప్పట్లు కొట్టారు.

చప్పట్లు ఆగేదాకా సైమీ తల వంచుకుని నిలబడింది. తర్వాత కిటికీ వైపు చూసింది. "వాన వచ్చేట్టుందమ్మా," అంది.

"గొడుగు తెచ్చుకున్నారా పెద్దమ్మా? లేకపోతే నేను కార్లో దింపేస్తాను!"

నేను నోరు తెరిచాను. సైమీ నా చెయ్యి గిల్లింది. గోరు దిగేలా గిల్లింది.

బస్సులో పక్కపక్కన కూర్చున్నాం. సంచీ ఆవిడ ఒళ్ళో మడత విప్పకుండానే ఉంది.

"ఇంక పరవడానికి రాదు కదే?"

"రాదు."

మా స్టాపు వచ్చింది, దిగాం.

ఆ తర్వాత సైమీ మగ్గం గదిలోకి దిగలేదు. అడిగినవాళ్ళకి నడుము నొప్పి అని చెప్పేది. నేను వెళ్తే కాఫీ పోసేది, బన్ను పెట్టేది. నేను లోకాన్ని తిడుతుంటే వినేది, కానీ కాళ్ళు మాత్రం కుర్చీ మీదకి ముడుచుకుని కూర్చునేది, నేలకి ఆనించేది కాదు. రేవులో ఇంకా మంచు పగలకముందే పోయింది. గుండె అన్నారు. నేను డాక్టర్ని కాను, వాళ్ళతో వాదించలేను. ఏడ్చాను. ఏడుపు కన్నా కోపమే ఎక్కువ వచ్చింది.

కెర్తూ కొడుకు వచ్చి ఇల్లు ఖాళీ చేశాడు. ఆకుపచ్చ గౌను నాకిచ్చాడు. పై అరలో కాఫీ పొట్లం రిబ్బను కూడా విప్పకుండా ఉంది. అదీ తీసుకున్నాను. గౌనుని పీలికలుగా చించి ఉండ చుట్టాను. ఉండా పొట్లమూ సంచీలో వేసుకుని తెర్హి దగ్గరికి వెళ్ళాను. ఇప్పుడు నన్ను గిల్లేవాళ్ళు లేరు.

పాత పడవల షెడ్డులో ఉంటుంది తన పని. లోపల ఎవరిదో ఉయ్యాల తొట్టి నిలువునా కోసి ఉంది. పొట్లం బల్ల మీద పెట్టాను.

"నీ కాఫీ. ఆవిడ ముట్టలేదు."

సైమీ పోయిందని అప్పుడే తెలిసింది ఆ పిల్లకి. స్టూలు మీద కూలబడింది. అన్నీ చెప్పాను. బూడిదరంగు ఎవరు, ఎరుపు ఎవరు, పసుపు అంత సన్నగా ఎందుకుందో, నేను ఇచ్చిన మాటేంటో. నోటి మీద చెయ్యి పెట్టుకుని వింది.

"నాకు తెలీదండీ. నాకెవ్వరూ చెప్పలేదు."

"ఇప్పుడు చెప్తున్నాగా. ఆ చివర కాస్త చోటివ్వు. నేసేసి వెళ్ళిపోతాను."

"రాయిలా అయిపోయిందండీ. సూది కూడా దిగదు. బలవంతం చేస్తే పగిలిపోతుంది. అయినా ఇప్పుడది నాది కూడా కాదు, మ్యూజియం కొనేసింది." అంటూనే నా సంచీ వైపు చూసింది. చూపు మారింది. "అదేనా ఆ గౌను?"

"అదే."

"అది నాకివ్వండి. దాని పక్కనే గాజు పెట్టెలో పెడదాం. అలాగే ఉండలాగే. ఆవిడ కోరికా తీరుతుంది, ఆయన పక్కనే ఉన్నట్టూ ఉంటుంది—"

"ఇవ్వను."

ఉలిక్కిపడింది. "ఒక్కసారి ఆలోచించి..."

"ఇవ్వను. కాఫీ పొయ్యను, వాన సంగతి చెప్పను. ఇవ్వను."

తల వంచుకుని, "ఆవిడ కూడా ఇలా ఒక్క మాట చెప్పుంటే నేను తీసుకునేదాన్నే కాదండీ. ఒట్టు. దేశాలు పట్టి తిరిగాను, మన ఊరి పద్ధతులు నాకెక్కడ గుర్తుంటాయి?" అంది.

నిజమేనేమో అనిపించింది. నా కోపం ఒక మెట్టు దిగింది. తొందరపడి కసిరానా అని కూడా అనుకున్నాను.

"సరే. అయిందేదో అయింది. ఆ కార్డు మీద ఆవిడ పేరు రాయించు. సైమీ ఐకాస్ నేసింది అని. 'పాత గుడ్డలు' అన్నచోట వాళ్ళ పేర్లు పెట్టించు. ఆ చిన్నపిల్ల పేరైనా పెట్టించు. దానికి సూదీ అక్కర్లేదు, పగిలేదీ లేదు."

తెర్హి లేచింది. కెటిల్లో నీళ్ళు పోసి స్టవ్వు మీద పెట్టింది. చేతికందిన పొట్లం లాక్కుని, ఎర్ర రిబ్బను విప్పి, కత్తెరతో మూతి కత్తిరించింది. సైమీ విప్పని పొట్లం అది. కాఫీ కాచి, కప్పులో పోసి, జాగ్రత్తగా నా ముందు పెట్టింది. కిటికీలోంచి రేవు వైపు చూస్తూ, "ఈ ఏడు మంచు తొందరగానే కరిగేట్టుందండీ," అంది.

నాకు అర్థమైంది. మా ఊరి పిల్లే కదా, పద్ధతులన్నీ బాగానే గుర్తున్నాయి.

ఆ కాఫీ ముట్టుకోలేదు. మంచు గురించి నాలుగు మాటలు కలపనూ లేదు. లేచి వచ్చేశాను.

గౌనుని నేనే నేశాను. నా చేతికి పని రాదు, అంచులు వంకర పోయాయి. ఒక్క గౌనుకి ఎంతని వస్తుంది? గుమ్మం ముందు వేసుకునేంత అయింది. పక్కన నీలం లేదు, పసుపు లేదు. రెండు వైపులా పడుగు దారాలు వదిలి ముడులేశాను, కలపడానికి ఎవరూ లేకపోయినా. నా గుమ్మం ముందే పరిచాను. పోస్టుమనిషి తొక్కుతాడు, పై అంతస్తువాళ్ళ కుక్క తొక్కుతుంది. దాటబోయినవాళ్ళని ఆపి నేనే తొక్కిస్తాను.